రక్తపరిహారం ఎవరి హక్కు?
భోపాల్ ఒప్పందంపై ఒక విమర్శ

ఇతరుల నిర్లక్ష్యానికి బలైన మనిషి కుటుంబం పరిహారం కోసం న్యాయస్థానానికి వెళ్ళినప్పుడు రెండు రకాల మాటలు వినవస్తాయి. ‘పోయిన ప్రాణానికి వెల కడతారా?’ అన్నది మొదటిది. ‘ఇచ్చింది పుచ్చుకొని ఊరుకోక ఇంకా కోర్టులెందుకు?’ అన్నది రెండవది. మొదటిది ధర్మనిష్ఠలా, రెండవది లోకజ్ఞానంలా కనిపిస్తుంది. పరిశీలించి చూస్తే రెండింటి ఫలితమూ ఒక్కటే. తప్పు చేసినవాడు తేలికగా బయటపడతాడు, చనిపోయినవాని భార్యాబిడ్డలు బరువంతా మోస్తారు.

ఇస్లామీయ ధర్మశాస్త్రం ఈ రెండు మాటలనూ అంగీకరించదు. దియత్, అనగా రక్తపరిహారం, ప్రాణానికి కట్టిన వెల కాదు. అది చనిపోయినవాని వారసులకు అల్లాహ్ నిర్ణయించిన హక్కు. హక్కును అడగటం అత్యాశ కాదు. హక్కుదారును అడగకుండా దానిని తగ్గించే అధికారం మరెవరికీ లేదు. ఈ సూత్రాన్ని గీటురాయిగా పెట్టుకొని స్వతంత్ర భారతదేశంలో జరిగిన అతి పెద్ద మరణపరిహార ఒప్పందాన్ని, అనగా 1989 నాటి భోపాల్ ఒప్పందాన్ని, పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం. అదే గీటురాయిపై ముస్లిం సమాజపు ఆచరణ ఎలా నిలుస్తుందో చూడటం కూడా న్యాయమే.

జరిగినది

1984 డిసెంబరు 2వ తేదీ అర్ధరాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారం నుండి సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ విషవాయువు వెలువడింది. గాలివాటున అది జయప్రకాశ్ నగర్, కాజీ క్యాంప్, చోళా వంటి పేదల బస్తీల మీదుగా సాగింది. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే పోయారు, లేచి పరుగెత్తినవారు దారిలో పడిపోయారు. హిందువులూ ముస్లింలూ, కూలీలూ రైల్వే ఉద్యోగులూ ఒకే రాత్రి ఒకే విధంగా మరణించారు.

1985లో పార్లమెంటు ఒక ప్రత్యేక చట్టం చేసింది. బాధితుల తరఫున దావా వేయటానికీ, రాజీ పడటానికీ కేంద్ర ప్రభుత్వానికి మాత్రమే అధికారం ఉంటుందని ఆ చట్టం చెప్పింది. తమను తాము కాపాడుకోలేని పౌరులకు ప్రభుత్వమే సంరక్షకుడన్నది దీని వెనుక ఉన్న వాదం. ప్రభుత్వం ముందు న్యూయార్క్ న్యాయస్థానంలో దావా వేసింది. విచారణ భారతదేశంలోనే జరగాలని 1986 మే నెలలో న్యాయమూర్తి కీనన్ తీర్పు చెప్పారు. దావా భోపాల్ జిల్లా కోర్టుకు చేరింది. 1987 డిసెంబరులో ఆ కోర్టు 350 కోట్ల రూపాయల మధ్యంతర పరిహారం ఇవ్వమని ఆదేశించగా, 1988 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్ హైకోర్టు దానిని 250 కోట్లకు తగ్గించింది. వివాదం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1989 ఫిబ్రవరి 14న 47 కోట్ల డాలర్లకు, అనగా అప్పటి మారకంలో 700 కోట్ల రూపాయలకు పైగా, రాజీ కుదిరినట్లు ప్రకటన వెలువడింది. దానితోపాటు కంపెనీపై ఉన్న క్రిమినల్ కేసులు కూడా రద్దయ్యాయి. ప్రభుత్వం కోరిన మొత్తం 300 కోట్ల డాలర్లకు పైబడినదని గుర్తుంచుకోవాలి.

అల్ప మొత్తానికి రాజీ కావటం ఒక్కటే ఇక్కడ లోపం కాదు. అసలు లోపం ఆ రాజీ కుదిరిన పద్ధతిలో ఉంది.

మొదటి ప్రశ్న: రాజీ పడే హక్కు ఎవరిది?

దివ్యఖుర్ఆన్ నిసా సూరా 92వ ఆయత్ పొరపాటున జరిగిన మరణానికి రెండు బాధ్యతలు విధించింది. ఒకటి మృతుని కుటుంబానికి దియత్ చెల్లించటం. రెండవది దైవసన్నిధిలో కఫ్ఫారా. కుటుంబం తనంతట తాను దానిని దానంగా వదులుకుంటే తప్ప దియత్ చెల్లించక తీరదని ఆ ఆయత్ స్పష్టం చేస్తుంది. క్షమించే అధికారాన్ని కుటుంబానికే ఇచ్చింది గానీ పాలకునికి ఇవ్వలేదు. ఒప్పందంతో నిలిచిన వేరే జాతివారి విషయంలో కూడా అదే మాట వాడింది. దాని ఆధారంగానే ముస్లిమేతరుని దియత్ ముస్లిం దియత్‌తో సమానమని హనఫీ ధర్మవేత్తలు నిర్ణయించారు. కనుక ఈ చర్చ ఒక మతస్థుల హక్కు గురించినది కాదు.

భోపాల్ ఒప్పందాన్ని సమర్థించేవారు చెప్పే వాదం ఒకటి ఉంది. లక్షలాది నిరుపేదలు ఒక్కొక్కరుగా ఒక విదేశీ సంస్థతో పోరాడలేరు, ప్రభుత్వం సంరక్షకునిగా నిలబడక తప్పదు, రాజీ కూడా ధర్మసమ్మతమే కదా అని వారంటారు. ఇందులో కొంత సత్యం లేకపోలేదు. ఇస్లాంలో రాజీ ఉత్తమకార్యమే. అసమర్థుని తరఫున సంరక్షకుడు వ్యవహరించటమూ న్యాయమే. అయితే సంరక్షకుని అధికారం ఎంతవరకు అన్న ప్రశ్నకు హనఫీ గ్రంథాలు చాలా పూర్వమే జవాబు చెప్పి ఉంచాయి. మైనరు తరఫున, మతిస్థిమితం లేనివాని తరఫున తండ్రి గానీ సంరక్షకుడు గానీ రాజీ పడవచ్చు, కానీ పూర్తి దియత్‌కు తక్కువగా పడకూడదు. ఉచితంగా క్షమించే అధికారం అసలే లేదు. వారసులు లేని మృతునికి పాలకుడే వలీ అవుతాడు. అతనికి సైతం ఉచితంగా క్షమించే హక్కు లేదు. తనది కాని సొమ్ముతో ఔదార్యం చూపటం ఔదార్యం అనిపించుకోదు కదా!

భోపాల్‌లో సంరక్షకునిగా నిలబడిన ప్రభుత్వం బాధితులను సంప్రదించకుండానే రాజీ పడింది. 1989 డిసెంబరులో చరణ్‌లాల్ సాహు కేసులో సుప్రీంకోర్టు 1985 చట్టాన్ని సమర్థించింది. బాధితుల మాట ముందుగా వినవలసిందని అంగీకరిస్తూనే, పునర్విచారణలో వినటంతో ఆ లోటు తీరగలదని భావించింది. బేరం ముగిసిన తరువాత సొంతదారుని పిలిచి అభిప్రాయం అడిగినట్లుంది ఇది. ఆ కర్మాగారం నడిపిన భారతీయ కంపెనీలో ప్రభుత్వ ఆర్థిక సంస్థలకు సైతం వాటాలున్నాయి. సంరక్షకుని స్వప్రయోజనం ఆస్తితో ముడిపడినప్పుడు అతని వ్యవహారాన్ని మరింత అనుమానంతో చూడాలన్నది ధర్మశాస్త్ర నియమం. ఇక్కడ ఆ జాగ్రత్త కనిపించదు.

క్రిమినల్ కేసుల రద్దు సంగతి ఇంకా విడ్డూరమైనది. సొమ్ము చెల్లించినంత మాత్రాన కఫ్ఫారా తీరదని ఖుర్ఆన్ వేరుచేసి చెప్పింది. వారసులు దియత్ పుచ్చుకున్నా, క్షమించినా సమాజం తరఫున తఅజీర్ శిక్ష విధించే అధికారం న్యాయాధికారికి ఉంటుందని ధర్మవేత్తలు వివరించారు. డబ్బుతో సమాజపు హక్కును కొనటం వీలుకాదని దీని భావం. 1991 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తన తప్పును కొంతవరకు దిద్దుకొని కేసులను పునరుద్ధరించింది. అయితే 1996లో అదే న్యాయస్థానం నేరారోపణను నిర్లక్ష్యపు మరణం స్థాయికి తగ్గించింది. చివరకు 2010 జూన్ 7న భోపాల్ కోర్టు భారతీయ కంపెనీ అధికారులకు విధించిన శిక్ష రెండేళ్ళు. అమెరికా కంపెనీ అధ్యక్షుడు ఆండర్సన్ విచారణకు హాజరు కాకుండానే 2014లో మరణించాడు.

రెండవ ప్రశ్న: తెలియని నష్టం ఎవరి లెక్కలో పడాలి?

1989లో న్యాయస్థానం సుమారు 3,000 మరణాలను లెక్కలోకి తీసుకొని మొత్తాన్ని సమర్థించింది. తరువాత ప్రభుత్వమే సమర్పించిన లెక్కలో మరణాలు 5,295కి చేరాయి. గాయపడినవారితో కలిపి పరిహారం పొందినవారి సంఖ్య 5,70,000 దాటింది. ఒప్పందపు మొత్తం మాత్రం స్థిరంగా నిలిచింది. పంచుకునేవారు పెరిగిన కొద్దీ ఒక్కొక్కరి భాగం తరిగింది.

ఈ సందర్భంలో ప్రవక్త జీవితచరిత్రలోని ఒక ఘట్టం స్మరణీయం. హిజ్రీ 8వ సంవత్సరంలో ఖాలిద్ బిన్ వలీద్ (రజి) పొరపాటు నిర్ణయం వల్ల బనూ జజీమా తెగవారు కొందరు మరణించారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆ చర్యతో తమకు సంబంధం లేదని అల్లాహ్ సన్నిధిలో విన్నవించుకొని, హజ్రత్ అలీ (రజి) చేతికి ధనమిచ్చి వారి వద్దకు పంపారు. హజ్రత్ అలీ ప్రతి ప్రాణానికీ దియత్ చెల్లించారు. పోయిన ప్రతి వస్తువుకూ, చివరకు కుక్క నీళ్ళు తాగే పాత్రకు కూడా, వెల కట్టి ఇచ్చారు. ఇంకా కొంత ధనం మిగిలింది. ‘ఇంకేమైనా రావలసి ఉందా?’ అని అడిగితే లేదన్నారు వారు. అప్పటికీ ఆయన ఆ మిగులును వెనక్కి తేలేదు. తమకూ తెలియని, వారికీ తెలియని నష్టం ఏదైనా ఉంటే దానికి జాగ్రత్తగా వారికే వదిలి వచ్చారు. ప్రవక్త (స) ఆ పనిని మెచ్చుకున్నారు.

ఇక్కడ పరిహారం ఇస్తున్నది పాలకుడు. తప్పు జరిగింది అతని అధికారి చేతిలో. అయినా తెలియని నష్టం తాలూకు భారాన్ని బాధితుల మీద కాక తన మీద వేసుకున్నాడు. భోపాల్ ఒప్పందంలో దీనికి సరిగ్గా తలకిందులుగా జరిగింది. విషవాయువు శరీరంలో చేసే కీడు ఏళ్ళ తరబడి బయటపడుతుందని తెలిసీ, ఇకపై బయటపడే ప్రతి నష్టాన్నీ ముందుగానే మాఫీ చేసేశారు. నిధి చాలకపోతే లోటు కేంద్ర ప్రభుత్వం భరించాలనీ, తరువాత రోగలక్షణాలు బయటపడేవారి కోసం బీమా తీసుకోవాలనీ 1991 తీర్పు చెప్పిన మాట నిజమే. ఇది బనూ జజీమా ఘట్టం చూపిన దారికి దగ్గరగా వచ్చిన ఏకైక అంశం. కానీ ప్రభుత్వం ఆ బీమా తీసుకోలేదు. అదనపు పరిహారం కోసం 2010లో వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను 2023 మార్చి 14న రాజ్యాంగ ధర్మాసనం కొట్టివేస్తూ ఈ నిర్లక్ష్యాన్ని ఎత్తి చూపింది. సంరక్షకుడు చేసిన అలక్ష్యానికి నష్టపోయినవారు మళ్ళీ ఆ అనాథలే.

మూడవ ప్రశ్న: ఎంత? ఎప్పటికి?

ఆంగ్లేయుల కాలంలో, ఇంగ్లండులోని 1846 నాటి చట్టం ఒరవడిలో, ప్రాణాంతక ప్రమాదాల చట్టం 1855లో వచ్చింది. మృతుని సంపాదన వల్ల కుటుంబానికి ఎంత అందేదో, మరణంతో ఎంత నష్టమైందో లెక్కించటం దాని పద్ధతి. నేటి మోటారు ప్రమాదాల ట్రిబ్యునళ్ళు సైతం 2009, 2017 సంవత్సరాల సుప్రీంకోర్టు తీర్పులు స్థిరపరచిన సూత్రాలతో వయస్సునూ ఆదాయాన్నీ హెచ్చవేసి మొత్తాన్ని నిర్ణయిస్తున్నాయి. కుటుంబ అవసరాన్ని చూడటం ఇందులోని మంచి. అయితే కూలివాని ప్రాణం ఆఫీసరు ప్రాణంలో పదోవంతుగా తేలటం ఇందులోని కీడు. గృహిణి చాకిరికి ఆదాయవిలువ ఉందని 2001లో సుప్రీంకోర్టు నెలకు 3,000 రూపాయలుగా లెక్కకట్టే వరకు ఆమె మరణం ఈ కొలబద్దకు అందేదే కాదు.

దియత్ పద్ధతి వేరు. నూరు ఒంటెలు, లేదా వెయ్యి దీనార్ల బంగారం, లేదా హనఫీల లెక్కన పదివేల దిర్హముల వెండి. ధనికుడైనా నిరుపేదైనా, పండితుడైనా పామరుడైనా మొత్తం ఒక్కటే. వెయ్యి దీనార్లంటే సుమారు నాలుగుంబావు కిలోల బంగారం. భోపాల్‌లో పరిహారపు కోర్టులు 1992లో పంపిణీ మొదలుపెట్టిన నాటికి 10 గ్రాముల బంగారం నాలుగు వేల రూపాయల పైచిలుకు. ఆ లెక్కన ఒక ప్రాణానికి 17 లక్షలు దాటాలి. వెండి లెక్కన చూసినా లక్షకు పైమాటే. భోపాల్ పథకం ఒక మరణానికి పెట్టిన పరిధి లక్ష నుండి మూడు లక్షల రూపాయలు. పెక్కుమందికి దక్కినది లక్ష దరిదాపులే. నిధిలో మిగిలిన సుమారు 1,500 కోట్లను బాధితులకే పంచమని 2004లో కోర్టు ఆదేశించాక అది రెట్టింపయింది. 2010లో ప్రభుత్వం మృతుల కుటుంబాలకు, అంతకుముందు అందిన సొమ్ము మినహాయించుకొని, పది లక్షలు ప్రకటించింది. అప్పటికి పాతికేళ్ళు గడిచాయి.

కాలం సంగతి తక్కువైనది కాదు. పొరపాటు మరణంలో దియత్‌ను మూడేళ్ళలో మూడు వాయిదాలుగా చెల్లించాలన్నది హజ్రత్ ఉమర్ (రజి) కాలం నుండి స్థిరపడిన నియమం. చెల్లించేవానికి ఇచ్చిన వెసులుబాటు ఇది. అంతకు మించి వితంతువును నిరీక్షింపజేయరాదు. భోపాల్‌లో మూడేళ్ళు గడిచేసరికి మధ్యంతర పరిహారం గురించిన వాదమే ముగియలేదు. 1990 నుండి బాధిత వార్డులలో మనిషికి నెలకు 200 రూపాయల చొప్పున ఇచ్చిన భృతి ఆ రోజులకు ఊరటే గానీ, హక్కుకు బదులు కాజాలదు.

నాలుగవ ప్రశ్న: ఎవరు చెల్లించాలి?

పొరపాటు మరణంలో దియత్ భారం ఒక్క మనిషి మీద పడదు. అతని ఆఖిలా, అనగా అతనికి అండగా నిలిచే బంధుకూటమి, దానిని పంచుకుంటుంది. హజ్రత్ ఉమర్ సైనిక జాబితాలు ఏర్పరచిన తరువాత ఒకే జాబితాలోని వారే ఒకరికొకరు ఆఖిలా అని హనఫీలు చెప్పారు. అనగా ఆఖిలాకు మూలం రక్తబంధం కన్నా పరస్పర ప్రయోజనం. లాభంలో ఎవరు కలిసి ఉంటారో నష్టంలోనూ వారే కలిసి నిలవాలి. దారిలో హక్కు లేకుండా గొయ్యి తవ్వినవాడు తన చేతితో ఎవరినీ చంపకపోయినా, అందులో పడి చనిపోయినవాని దియత్ అతని ఆఖిలా మీద పడుతుంది.

అమెరికాలోని యూనియన్ కార్బైడ్ సంస్థకు భోపాల్ కర్మాగారపు కంపెనీలో 50.9 శాతం వాటా ఉంది. లాభం వచ్చినప్పుడు తల్లిసంస్థ, పిల్లసంస్థ ఒక్కటే. మరణాలు సంభవించినప్పుడు మాత్రం ‘అది వేరు, మేము వేరు’ అన్న వాదం ముందుకు వచ్చింది. 1986 డిసెంబరులోనే సుప్రీంకోర్టు ఢిల్లీ ఓలియం వాయు ప్రమాదం కేసులో ప్రమాదకర పరిశ్రమకు మినహాయింపులు లేని బాధ్యత ఉంటుందనీ, సంస్థ ఎంత పెద్దదైతే పరిహారం అంత ఎక్కువ ఉండాలనీ చెప్పింది. రెండేళ్ళు తిరిగేసరికి తన ముందున్న అతి పెద్ద కేసులో ఆ సూత్రాన్ని పరీక్షించి చూడకుండా రాజీకి మొగ్గింది. 1991లో పార్లమెంటు చేసిన ప్రజా బాధ్యతా బీమా చట్టం ప్రమాదకర పరిశ్రమల వల్ల చనిపోయినవారికి తక్షణ సహాయంగా నిర్ణయించినది 25,000 రూపాయలు. 2020 మే 7న విశాఖపట్నంలో స్టైరీన్ వాయువు లీకై 12 మంది మరణించినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం రోజుల వ్యవధిలో కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించి అందజేసింది. సంకల్పం ఉంటే జాప్యం అనివార్యం కాదని దీనివల్ల రుజువైంది. అయితే అది ప్రభుత్వ ఖజానా సొమ్ము. ఖజానా ముందుకు రావటం మెచ్చదగినదే. దాని చాటున తప్పు చేసిన సంస్థ తప్పించుకోకూడదు.

ఇంటిలోని లెక్క

ఇతరుల చట్టాన్ని తూచిన తక్కెడతో సొంత ఆచరణను తూచకపోతే ఆ విమర్శకు విలువ ఉండదు. మృతుని దియత్ అతని ఆఖిలాకు చెందుతుందనీ, భార్యకు అందులో వారసత్వం లేదనీ హజ్రత్ ఉమర్ (రజి) మొదట భావించేవారు. జహ్హాక్ బిన్ సుఫ్యాన్ (రజి) అనే సహాబీ, అష్యమ్ జిబాబీ అనే వ్యక్తి దియత్‌లో అతని భార్యకు వాటా ఇవ్వమని దైవప్రవక్త (స) తనకు వ్రాసి పంపారని తెలియజేశారు. అంతటి ఖలీఫా వెంటనే తన అభిప్రాయాన్ని విడిచిపెట్టారు.

నేడు ఎన్ని ఇళ్ళలో హజ్రత్ ఉమర్ విడిచిపెట్టిన అభిప్రాయమే నడుస్తున్నదో ఆలోచించాలి. కొడుకు రోడ్డు ప్రమాదంలో పోతాడు. కోడలి పేరున పరిహారపు చెక్కు వస్తుంది. ‘ఇది మా వాడి రక్తం’ అంటూ పెద్దలు సంతకం పెట్టించుకుంటారు. సంతానం ఉంటే భార్యకు ఎనిమిదో వంతు, లేకుంటే నాలుగో వంతు, తల్లికి ఆమె భాగం, పిల్లలకు వారి భాగం అని షరీఅత్ పంచిపెట్టిన సొమ్ము ఒక్కరి చేతిలో ఉండిపోతుంది. భార్య పేరున ప్రత్యేకించి ఇచ్చిన ప్రభుత్వ సహాయం ఆమె సొంతమేనని పలువురు ధర్మవేత్తలు చెప్పినా అడిగేవారుండరు. ఆమె ‘మాఫీ చేశాను’ అన్న మాట నిజంగా మాఫీయేనా, దిక్కులేక అన్న మాటా అన్నది కూడా చూడాలి. భోపాల్‌లో ప్రభుత్వం పెద్ద ఎత్తున చేసినదే ఇక్కడ ఇంటి పెద్ద చిన్న ఎత్తున చేస్తున్నాడు.

స్త్రీ దియత్ పురుషుని దియత్‌లో సగమని నాలుగు మజ్హబుల గ్రంథాలూ చెప్పాయి. ఖుర్ఆన్ ఆయత్‌లో అటువంటి తేడా లేదు. పూర్వులలో అబూబక్ర్ అసమ్మ్, ఇబ్ను ఉలయ్యా సమానమని అన్నారు. ఇరవయ్యో శతాబ్దంలో అల్ అజ్హర్ పెద్ద షేఖ్ మహ్మూద్ షల్తూత్ అదే అభిప్రాయాన్ని బలపరిచారు. పేదవాని ప్రాణం ధనికుని ప్రాణంతో సమానమని గర్వంగా చెప్పుకొనే ధర్మవేత్తలు ఈ ప్రశ్నను పక్కకు నెట్టివేయటం సమంజసం కాదు. అలాగే క్షమను కొనే వ్యాపారం గురించీ మౌనం తగదు. 2011లో లాహోరులో ఇద్దరిని కాల్చిచంపిన అమెరికన్ ఉద్యోగి రేమండ్ డేవిస్, దియత్ చట్టం నీడలోనే కొద్ది వారాలలో విడుదలై వెళ్ళిపోయాడు. బఖరా సూరా 178వ ఆయత్ క్షమను సోదరభావంతో ముడిపెట్టింది, అడిగేవాడు న్యాయంగా అడగాలనీ, ఇచ్చేవాడు మంచితనంతో ఇవ్వాలనీ కోరింది. రాజ్యాల ఒత్తిడి మధ్య కుదిరే బేరంలో ఆ మంచితనానికి చోటెక్కడిది?

ముగింపు

చట్టం మంచిదా కాదా అన్నది దాని పీఠికలో తేలదు. సొమ్ము ఎవరి హక్కో వారి చేతికి, వారి సమ్మతితో, సకాలంలో, తెలియని నష్టాన్ని సైతం గణించి చేరిందా లేదా అన్న దానితో తేలుతుంది. ఈ నాలుగింటిలో ఒక్కదానిలోనూ భోపాల్ ఒప్పందం నిలబడలేదు. దాని నుండి నేర్వవలసిన పాఠం ముస్లిం సమాజానికి రెండు వైపులా ఉంది. నిర్లక్ష్యానికి తమవారిని కోల్పోయినవారు ‘రక్తం అమ్ముకుంటున్నామా’ అన్న సంకోచం విడిచి, గడువు దాటక ముందే దావా వేయాలి. మరణ ధ్రువపత్రం, పోలీసు నివేదిక, ఆదాయపు కాగితాలు భద్రపరచుకోవాలి. మసీదు కమిటీలు, చదువుకున్న యువకులు ఇందుకు తోడ్పడటం పుణ్యకార్యమే. ఆ సొమ్ము చేతికందిన రోజున అదే కమిటీ, అదే పెద్దలు దానిని వారసత్వపు లెక్క ప్రకారం పంచి, వితంతువు భాగం వితంతువు చేతిలో పెట్టి రావాలి.

హజ్రత్ అలీ (రజి) బనూ జజీమా వారి వద్ద కుక్క పాత్రను సైతం లెక్కించి వెలకట్టారు. నిద్రలో ఊపిరాడక పోయిన బిడ్డల లెక్క దానికన్నా తక్కువ శ్రద్ధతో ముగిసిపోవటం ఏ న్యాయశాస్త్రం ఎదుటా నిలబడే విషయం కాదు.